హిమానీనదాలు – వాటిని పోషించే గాలులు



కిందటి ఉగాదికి నా పాత విద్యార్థి ఒకడు సెలవు మీద మా ఊరికి వచ్చాడు. మాది బళ్లారి వైపు సరిహద్దు పల్లె. బడిలో పాఠం కన్నడంలో, ఇంట్లో మాట తెలుగులో. ఈ పిల్లవాడు పదో తరగతి దాకా నా దగ్గరే చదివి, తర్వాత సైన్యంలో చేరాడు. ఇప్పుడు సియాచిన్ దిక్కున కొండల్లో కాపలా ఉద్యోగం. పండగ మర్నాడు ఓళిగలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెనకాలే వాళ్లమ్మ కూడా వచ్చింది. కూర్చున్నాక అతను నన్నొక ప్రశ్న అడిగాడు.

"సార్, మన ఊర్లో ముంగారు వానలకి చెనిక్కాయ ఏస్తా ఉంటే, మాకాడ కొండల్లో వాన పెద్దగా రాదు. మన ఊర్లో సంకురాత్రి చలికి చినుకు గూడా పడదు. అప్పుడు మాకాడ మంచు నడుంలోతు పడతాది. ఒకే దేశం గదా సార్, ఇట్లెందుకు?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే వాళ్లమ్మ అందుకుంది. "హిమాలయాల్లో మంచు కరిగిపోతాందని టీవీలో చెప్తాండారు సార్. కరిగితే కరగనీ. మా వానికి చలన్నా తప్పుతాది."

ఆ తల్లి మాటకు మొదట నవ్వొచ్చింది. కానీ నవ్వలేకపోయాను. ఆ రోజు ఇద్దరికీ ఏదో ముక్తసరిగా చెప్పి పంపించాను. పాఠం సగం చెప్పి గంట కొట్టించినట్టుగా అది నా మనసులో ఉండిపోయింది. ఆ మిగిలిన సగం పాఠమే ఈనాటి ప్రసంగం.

ముందుగా హిమానీనదం అంటే ఏమిటో చూద్దాం. కన్నడంలో హిమనది అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో హిమానీనదం అని రాస్తారు. పేరును బట్టి గడ్డకట్టిన ఏరు అనుకుంటారు చాలామంది. అది ఏరు గడ్డకట్టి ఏర్పడినది కాదు. ఎత్తయిన కొండల మీద మంచు దూదిపింజల్లా కురుస్తుంది. ఎండాకాలంలో అది పూర్తిగా కరగకుండా కొంత మిగిలిపోతుంది. మరుసటి ఏడు దాని మీద మరో పొర పడుతుంది. ఇలా ఏళ్ల తరబడి పొర మీద పొర పడి, పై పొరల బరువుకు కింది మంచు నలిగి, ముందు పంచదార పలుకుల్లాగా, తర్వాత గాజులాంటి గట్టి మంచుగడ్డగా మారుతుంది. దాని బరువుకు అదే నెమ్మదిగా కొండవాలున కిందికి జారుతూ ఉంటుంది. అదే హిమానీనదం. గంగ పుట్టే గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. మా విద్యార్థి కాపలా కాసే సియాచిన్ పొడవు సుమారు 76 కిలోమీటర్లు.

ఈ హిమానీనదాన్ని మన ఊరి చెరువుతో పోల్చి చూడండి. చెరువులోకి వంకల ద్వారా నీరు వస్తుంది. తూము ద్వారా పోతుంది, ఎండకు కొంత ఆవిరైపోతుంది. వచ్చేది ఎక్కువైతే చెరువు నిండుతుంది, పోయేది ఎక్కువైతే అడుగు కనిపిస్తుంది. హిమానీనదానికీ ఇదే జమాఖర్చు. పైభాగాన కురిసే మంచు జమ. కిందిభాగాన కరిగిపోయేది ఖర్చు. ఏడాది చివర లెక్క చూసుకుంటే జమ మిగిలిందా, అప్పు తేలిందా అన్నదే దాని ఆరోగ్యం. శాస్త్రజ్ఞులు మంచులోకి వెదురు గడలు, గొట్టాలు దింపి, ఏటేటా కొలిచేది ఈ లెక్కనే.

మనం మామూలుగా ఖర్చు గురించే మాట్లాడుకుంటాం. ఎండలు పెరిగాయి, మంచు కరుగుతోంది అంటాం. అది నిజమే. కానీ చెరువు ఎండిందంటే ఎండ ఒక్కటే కారణమా? వాన రాకపోయినా ఎండుతుంది కదా! హిమానీనదానికి జమ ఎక్కడి నుంచి వస్తుంది, ఏ నెలలో వస్తుంది, దాన్ని మోసుకొచ్చేది ఏ గాలి? ఈ మూడు ప్రశ్నలూ అడగకపోతే దాని బతుకు మనకు అర్థం కాదు.

ఇక గాలుల సంగతికి వద్దాం. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నడినెత్తిన కాస్తాడు. అక్కడి గాలి వేడెక్కి, తేమ నింపుకుని పైకి లేస్తుంది. పైకి పోయిన గాలి ఉత్తరానికీ దక్షిణానికీ మళ్లి, చల్లబడి, సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగుతుంది. కిందికి దిగే గాలి పొడి గాలి. సహారా, అరేబియా ఎడారులు ఆ పట్టీలో ఉండడం అందుకే. 1735లో జార్జ్ హాడ్లీ అనే ఇంగ్లీషు ఆయన ఈ గాలి చక్రాన్ని మొదట వివరించాడు. ఇప్పటికీ దాన్ని హాడ్లీ చక్రం అనే అంటారు.

భూమి నిలకడగా ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. కానీ భూమి బొంగరంలా తిరుగుతోంది. భూమధ్యరేఖ మీద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో పడమటి నుంచి తూర్పుకు పోతుంటుంది. 30 డిగ్రీల దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,450 కిలోమీటర్లే. భూమధ్యరేఖ నుంచి బయల్దేరిన గాలి తన వేగాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. పరిగెత్తే బస్సులోంచి దిగినవాడు ముందుకు తూలినట్టు, ఆ గాలి ఉత్తరానికి వచ్చేకొద్దీ తూర్పు వైపుకు తూలుతుంది. అలా ఆకాశంలో సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పోయే బలమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. దీనికి జెట్ ప్రవాహం అని పేరు. చలికాలంలో దాని వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం మామూలే.

ఈ జెట్ ప్రవాహం ఒకేచోట ఉండదు. సూర్యుడితో పాటు జరుగుతుంది. చలికాలంలో దక్షిణానికి దిగివస్తుంది. అప్పుడు టిబెట్ పీఠభూమి, హిమాలయాలు దానికి అడ్డుగోడలా నిలుస్తాయి. ఏటి మధ్య బండరాయి ఉంటే నీరు రెండు పాయలైనట్టు, అది రెండుగా చీలి, ఒక పాయ హిమాలయాలకు దక్షిణంగా, ఉత్తర భారతం మీదుగా పోతుంది. జూన్ వచ్చేసరికి ఈ దక్షిణపు పాయ సడలిపోయి, ప్రవాహం టిబెట్‌కు ఉత్తరంగా జరిగిపోతుంది. అది తప్పుకున్న రోజుల్లోనే నైరుతి రుతుపవనాలు లోపలికి జొరబడతాయి. అంటే ఒక అతిథి పెరటి తలుపున వెళ్లిపోతుంటే, ఇంకో అతిథి వీధి తలుపున వస్తున్నాడన్నమాట.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు జవాబు దగ్గర పడింది. మన హిమాలయాలకు అన్నం పెట్టే గాలులు రెండు. ఒకటి పడమటి గాలి, రెండోది నైరుతి గాలి.

చలికాలంలో ఆ జెట్ ప్రవాహం మీద తేలుతూ మధ్యధరా సముద్రం, కాస్పియన్ సముద్రం వైపు నుంచి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాతావరణ వార్తల్లో వీటినే పశ్చిమ అలజడులు, వెస్టర్న్ డిస్టర్బెన్సులు అంటారు. చలికాలంలో నెలకు నాలుగు నుంచి ఆరు దాకా వస్తాయి. దారిలో అరేబియా సముద్రపు తేమను కూడా కలుపుకుంటాయి. ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి వచ్చి కారకోరం, హిందూకుష్, కాశ్మీర్ కొండలకు కొట్టుకుంటాయి. కొండ అడ్డు తగలగానే గాలి పైకి లేస్తుంది. ప్రతి కిలోమీటరు ఎత్తుకూ సుమారు 6 డిగ్రీల వంతున చల్లబడి, తన దగ్గరున్న తేమనంతా మంచుగా కుమ్మరించేస్తుంది. పంజాబు మైదానాల్లో చలికాలం గోధుమ పైరుకు పడే చినుకులు కూడా ఈ అలజడుల చలవే. అవి మన దక్కను దాకా సాధారణంగా రావు. అందుకే మన సంక్రాంతికి ఆకాశం నిర్మలంగా ఉంటుంది, సియాచిన్‌లో మాత్రం మంచు కురుస్తుంది.

ఆ మంచు ఎంత కురుస్తుందో మన ప్రాంతం వాళ్లకు ఒకసారి గుండె కోసినట్టు తెలిసింది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న ఒక స్థావరం మీద మంచుచరియ విరిగిపడింది. మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది జవాన్లు దాని కింద చిక్కుకుపోయారు. వాళ్లలో కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఉన్నారు. ధారవాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఆరు రోజుల తర్వాత మంచు కింద నుంచి ప్రాణాలతో బయటపడినా, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ వారం రోజులూ మా ఊళ్లో అందరి చెవులూ రేడియోకే అతుక్కుపోయాయి.

ఇక రెండో గాలి నైరుతి రుతుపవనం. ఇది మనకు తెలిసిన చుట్టమే. మృగశిర కార్తెలో మన నేలను తడిపేదీ, సహ్యాద్రి మీద కురిసి తుంగభద్రను నింపేదీ ఇదే. బంగాళాఖాతం మీదుగా తిరిగి వెళ్లే పాయ నేపాల్, సిక్కిం, భూటాన్ కొండలకు తగులుతుంది. అక్కడ ఎవరెస్టు చుట్టుపక్కల ఉన్న హిమానీనదాలకు ఏడాది జమలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే చేరుతుంది. రుతుపవనం పడమటికి పోయేకొద్దీ బలం తగ్గుతుంది. హిమాలయాల గోడ దాటి లడఖ్ వైపు పోయేసరికి దాని చేతిలో తేమ దాదాపు మిగలదు. మన వానాకాలంలో ఆ కుర్రవాడున్న చోట వాన పెద్దగా రాకపోవడానికి కారణం అదే.

ఇక్కడొక చిక్కుంది శ్రోతలారా. తూర్పు హిమాలయాల్లో జమ, ఖర్చు రెండూ ఒకే కాలంలో, అంటే వేసవిలోనే జరుగుతాయి. జీతం వచ్చిన రోజే అప్పులవాళ్లందరూ గుమ్మంలో నిలబడినట్టు. అందుచేత వేడి కొద్దిగా పెరిగినా అక్కడ రెండు దెబ్బలు తగులుతాయి. మొదటిది, మంచు ఎక్కువ కరుగుతుంది. రెండవది, మంచుగా పడవలసింది వానగా పడుతుంది. వానగా పడినది హిమానీనదం మీద నిలవదు, కిందికి జారిపోతుంది. అంటే ఖర్చు పెరగడమే కాదు, జమ కూడా తగ్గిపోతుంది. కారకోరంలో అలా కాదు. అక్కడ జమ నడిచలికాలంలో, సున్నాకు ఎన్నో డిగ్రీల కింద పడుతుంది. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా అది మంచుగానే పడుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా పడిన మంచు తెల్లని పంచెలాంటిది. తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొట్టేస్తుంది. పాతబడి, దుమ్ము పట్టి, బూడిద రంగుకు తిరిగిన మంచుగడ్డ అంత తిప్పికొట్టలేదు. ఎండలో చాలా భాగాన్ని తాగేస్తుంది. కాబట్టి మండు వేసవిలో ఒక్కరోజు కొత్త మంచు పడినా, అది హిమానీనదానికి కప్పిన తెల్లదుప్పటి అవుతుంది. జమలో చేరింది కొద్దే అయినా ఖర్చును చాలా ఆపుతుంది.

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్ స్పితి జిల్లాలో ఛోటా శిగ్రి అనే హిమానీనదం ఉంది. పొడవు సుమారు 9 కిలోమీటర్లు. రెండు గాలుల పొలిమేరలో ఉంది కనుక, మనలాగే అదీ సరిహద్దు ఊరే. చలికాలంలో పడమటి గాలీ, వేసవిలో రుతుపవనమూ రెండూ దానికి కొంత కొంత పెడతాయి. 2002 నుంచి మన శాస్త్రజ్ఞులు దాని జమాఖర్చు ఏటేటా కొలుస్తున్నారు. రుతుపవన కాలంలో దాని మీద ఎప్పుడు, ఎంత మంచు పడిందన్నది ఆ ఏటి లెక్కను చాలావరకు నిర్ణయిస్తోందని వాళ్లు తేల్చారు. కారణం మనం ఇప్పుడు చెప్పుకున్న తెల్లదుప్పటే.

సరే, ఈ గాలులకూ మన పొలానికీ నేరుగా సంబంధం ఉందా అంటే, ఉంది. మన రైతులకు అనుభవమే ఇది. మృగశిర, ఆరుద్రల్లో వాన పడుతుంది, విత్తనం వేస్తాం, మొలక వస్తుంది. ఆ తర్వాత పునర్వసు, పుష్యమి కార్తెల్లో ఒక్కసారిగా వాన ఆగిపోతుంది. పది రోజులు, పదిహేను రోజులు ఆకాశం కేసి చూస్తాం. పైరు వాడుముఖం పడుతుంది. దీన్ని రుతుపవన విరామం అంటారు. ఆ రోజుల్లో రుతుపవనం ఎక్కడికో మాయమైపోయిందనుకుంటాం. అది మాయం కాలేదు. గంగా మైదానం మీద పరచుకుని ఉండే అల్పపీడన ద్రోణి ఉత్తరానికి జరిగి హిమాలయాల పాదాల దగ్గర నిలుస్తుంది. మన పొలంలో కురవవలసిన కాలంలో అక్కడ కుండపోతగా కురుస్తుంది. మన బెట్ట రోజుల్లో బీహారు, అస్సాం నదుల్లో వరద వార్తలు వినడం మీకు గుర్తుండే ఉంటుంది. 2002 జూలైలో దేశం మొత్తం మీద కురవవలసిన వానలో దాదాపు సగమే కురిసినప్పుడు మనం పడ్డ బాధ పెద్దవాళ్లు మరిచిపోలేదు.

ఈ రెండు గాలులూ వేళ తప్పి ఎదురుపడితే ఏమవుతుందో 2013 జూన్‌లో చూశాం. ఆ ఏడు రుతుపవనం చాలా తొందరపడింది. మామూలుగా జూలై మధ్యకు దేశమంతా కమ్ముకునేది, ఆ సంవత్సరం జూన్ 16 నాటికే కమ్మేసింది. అదే సమయానికి పడమటి గాలుల అలజడి ఒకటి ఉత్తరాఖండ్ మీదికి వచ్చింది. రెండూ కలిసి కొండల మీద రోజుల తరబడి వాన కుమ్మరించాయి. కరగకుండా ఇంకా మిగిలి ఉన్న చలికాలపు మంచు మీద ఆ వాన పడింది. కేదారనాథ్ పైన చోరాబారీ హిమానీనదం పక్కనున్న చిన్న సరస్సు నిండి, రాళ్లూ మట్టీ కలిసిన దాని గట్టు జూన్ 17 ఉదయం తెగిపోయింది. వేలమంది చనిపోయారు. మన తెలుగు యాత్రికులు కూడా ఎందరో ఆ కొండల్లో చిక్కుకుపోయారు. హిమానీనదం ఎక్కడో ఉందిలే అనుకునే మాట ఆ రోజుతో చెల్లిపోయింది.

ఇంకొంచెం దూరం చూద్దాం. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని పట్టి పీడించిన ధాత కరువు గురించి మా అవ్వల నోట విన్నాం. కన్నడం వాళ్లు ధాతు ఈశ్వర బర అంటారు. బళ్లారి, అనంతపురం, కర్నూలు, మైసూరు సీమలు అల్లాడిపోయాయి. ఆ కాలంలోనే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దానికి మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. రుతుపవనం ఎలా ఉంటుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న ఆయన ముందుకు వచ్చింది. హిమాలయాల మీద చలికాలంలో, వసంతంలో మంచు ఎక్కువ పడితే ఆ ఏడు వాన తగ్గుతుందని ఆయన 1884లో రాశాడు. 1886 నుంచి ఆ ఆధారంతో వర్ష సూచనలు ఇవ్వడం మొదలైంది. మంచు ఎక్కువుంటే నేల ఆలస్యంగా వేడెక్కుతుంది, వేడెక్కకపోతే సముద్రపు గాలిని బలంగా పిలవలేదు అన్నది అందులోని తర్కం. తర్కం బాగుంది కానీ, ఆ సంబంధం అన్ని ఏళ్లలోనూ ఒకేలా నిలవలేదు.

1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఇంకా దూరం చూశాడు. మన వాన గుట్టు మన దేశంలోనే ఉండనక్కరలేదని భావించి, ప్రపంచం నలుమూలల వాతావరణ లెక్కలు తెప్పించి పరిశీలించాడు. పసిఫిక్ మహాసముద్రానికి ఒక కొసన గాలి పీడనం పెరిగితే, ఇంకో కొసన, హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, అది త్రాసు తట్టల్లా ఊగుతూ ఉంటుందని కనిపెట్టాడు. దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. అట్లాంటిక్ ఉత్తర భాగంలో ఇలాంటిదే మరొకటి ఉందని గుర్తించి దానికీ పేరు పెట్టాడు. ఎల్‌నినో అని మనం ఇప్పుడు వార్తల్లో వినేది ఆ మొదటి త్రాసుకు సంబంధించినదే. మన వాన కోసం మొదలుపెట్టిన వెతుకులాట ప్రపంచపు గాలుల గుట్టును బయటపెట్టిందన్నమాట.

ఎల్‌నినో వచ్చిన ఏడు మనకు వాన భయం ఉంటుంది. అదే ఎల్‌నినో దక్షిణ అమెరికాలోని బొలీవియా కొండల మీద కూడా మంచు రాక తగ్గిస్తుంది. కొత్త మంచు ఆలస్యంగా పడడంతో పాత మంచుగడ్డ ఎండకు బోడిగా నిలబడిపోతుంది, వేగంగా కరుగుతుంది. లా పాజ్ నగరం దగ్గరి చకల్తయా హిమానీనదం ఇలాంటి ఏళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చిపడగా, పెరుగుతున్న వేడికి తట్టుకోలేక, 2009 నాటికి పూర్తిగా అంతరించిపోయింది. మరోవైపు నార్వేలో 1990లలో అట్లాంటిక్ నుంచి వీచే పడమటి గాలులు బలపడ్డాయి. చలికాలపు మంచు బాగా కురిసి బ్రిక్స్‌డాల్ వంటి కొన్ని హిమానీనదాలు ముందుకు కూడా సాగాయి. ప్రపంచమంతా వేడెక్కుతుంటే ఇవి పెరుగుతున్నాయేమిటని జనం ఆశ్చర్యపోయారు. 2000 తర్వాత గాలుల తీరు మారింది, వేడి మాత్రం పెరుగుతూనే ఉంది. అవీ వెనక్కి తగ్గాయి.

మన కారకోరం కథ కూడా ఇలాంటిదే. హిమాలయాల్లో అన్నిచోట్లా హిమానీనదాలు తగ్గుతుంటే, అక్కడ చాలావరకు నిలకడగా ఉన్నాయి, కొన్ని పెరిగాయి కూడా. కెన్నెత్ హ్యూయిట్ అనే శాస్త్రజ్ఞుడు 2005లో దీన్ని కారకోరం వైపరీత్యం అన్నాడు. పడమటి గాలులు చలికాలంలో అందించే మంచు ఒక కారణం. 1961 నుంచి 2000 వరకు ఎగువ సింధు లోయలో కొన్ని కేంద్రాల దగ్గర వేసవి కాస్త చల్లబడినట్టు లెక్కలున్నాయి, అది ఇంకో కారణం. ఎన్నో హిమానీనదాల మీద దళసరిగా కప్పుకున్న రాళ్లు, మట్టి కూడా ఎండ తగలకుండా కొంత కాపాడాయి. అయితే ఇటీవలి కొలతల్లో అక్కడ కూడా మంచు పలచబడుతున్న గుర్తులు కనిపిస్తున్నాయి.

దీన్ని బట్టి మనకు తెలిసేదేమిటి? ఒక హిమానీనదం పదేళ్లు పెరిగిందా తరిగిందా అన్నదాన్ని చాలావరకు గాలులు నిర్ణయిస్తాయి. యాభై ఏళ్లు, వందేళ్ల లెక్కలో మాత్రం వేడిదే పైచేయి. గాలి అనుకూలంగా ఉన్నంత కాలం అది అప్పు వసూలును వాయిదా వేయించగలదు, రద్దు చేయించలేదు.

ఈ తేడా తెలియకపోతే రెండు రకాల పొరపాట్లు చేస్తాం. కారకోరంలో పెరిగాయట కదా, వేడెక్కడమంతా అబద్ధమే అనేవారు ఒక రకం. ఇంకేముంది, రేపో మాపో అంతా అయిపోతుందనేవారు ఇంకో రకం. ఈ రెండో పొరపాటు పెద్దవాళ్లకూ తప్పలేదు. 2007లో వచ్చిన ఒక అంతర్జాతీయ నివేదికలో, హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి అంతరించిపోవచ్చని ఒక వాక్యం చేరింది. ఆధారం లేని వాక్యమది. 2010 జనవరిలో ఆ పొరపాటును ఒప్పుకుని సరిదిద్దుకున్నారు. నేను కూడా అంతకుముందు ఆ మాటే తరగతిలో చెప్పాను. తర్వాత అదే తరగతిలో నిలబడి, పిల్లలూ, నేను చెప్పింది తప్పు అని నల్లబల్ల మీద ఆ అంకె కొట్టేయవలసి వచ్చింది.

అయితే 2035 తప్పయినంత మాత్రాన ప్రమాదం తప్పినట్టు కాదు. గూఢచర్యం కోసం అమెరికా ఉపగ్రహాలు పూర్వం తీసిన ఫొటోలను, కొత్త కొలతలను పక్కపక్కన పెట్టి 2019లో ఒక పరిశోధన చేశారు. 1975 నుంచి 2000 వరకు హిమాలయాల్లో మంచు తరిగిన వేగం కంటే, 2000 నుంచి 2016 వరకు తరిగిన వేగం రెట్టింపు ఉందని తేలింది. భూమి వేడిని 1.5 డిగ్రీల పెరుగుదల దగ్గరే ఆపగలిగినా, ఈ శతాబ్దం చివరకు హిందూకుష్ హిమాలయ ప్రాంతపు మంచులో మూడో వంతు పోతుందని అదే ఏడు వెలువడిన మరో నివేదిక అంచనా వేసింది. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించి, మార్చి 21ని ప్రపంచ హిమానీనదాల దినంగా నిర్ణయించడానికి కారణం ఇదే.

మన కృష్ణ, గోదావరి, పెన్న, తుంగభద్రల్లో మంచునీరు ఒక్క చుక్క కూడా లేదు. అవన్నీ వాననీటి నదులే. గంగలో కూడా వాననీటిదే పెద్ద వాటా. కానీ సింధు నది ఎగువన పారే నీటిలో సగానికి పైగా మంచు కరిగి వచ్చేదే. సట్లెజ్ మీద కట్టిన భాక్రా ఆనకట్టకు వేసవిలో వచ్చే నీటిలోనూ మంచునీటికి పెద్ద వాటా ఉంది. ఆ నీటితో పంజాబు, హర్యానాల్లో పండిన గోధుమ, వరి దేశమంతటా గిడ్డంగులకు చేరుతుంది. వాన తప్పిన ఏడు కూడా ఆ నదుల్లో నీరుంటుందంటే, అది కొండ మీద దాచిన పాత జమ. కరువు ఏట వాడుకోవడానికి గాదెలో పోసుకున్న గింజల్లాంటిది. గాదె ఖాళీ అయితే, ఆ తర్వాత వచ్చే కరువు మరింత కఠినంగా ఉంటుంది.

ఇక ఆ తల్లి మాటకు జవాబు. అమ్మా, మంచు కరిగినంత మాత్రాన మీ అబ్బాయికి చలి తగ్గదు. అంత ఎత్తున చలి పుట్టించేది మంచు కాదు, ఎత్తే. మంచు పోయినా చలికాలం చలికాలమే. కానీ ఆ కొండరాళ్లను ఇంతకాలం పట్టి ఉంచింది లోపల గడ్డకట్టిన మంచే. అది సడలితే రాళ్లు జారతాయి. హిమానీనదం వెనక్కి తగ్గిన చోట గుంటల్లో నీరు నిలిచి కొత్త సరస్సులు పుడతాయి, వాటి గట్లు బలమైనవి కావు. నిన్నటిదాకా నడిచిన దారి నేడు నమ్మకమైనది కాకుండా పోతుంది. కాబట్టి మీ అబ్బాయి క్షేమం కోరేవాళ్లు, ఆ మంచు అక్కడే ఉండాలని కోరుకోవాలి.

శ్రోతలారా, ఇకమీదట హిమానీనదాల గురించి వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ కొండ మీది హిమానీనదం? దానికి అన్నం పెట్టే గాలి ఏది, ఏ నెలలో పెడుతుంది? చెబుతున్నది ఒక్క ఏటి లెక్కా, యాభై ఏళ్ల లెక్కా? ఈ మూడూ తెలిస్తే ఏ వార్తకు ఎంత భయపడాలో, ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఇక ఈ ఏడు పుష్యమి కార్తెలో వాన ఆగిపోయి, మీరు గట్టు మీద కూర్చుని ఆకాశం కేసి చూస్తున్నప్పుడు ఒక్కసారి ఉత్తరం వైపు కూడా తలచుకోండి. మనకు రాని ఆ వాన హిమాలయాల దిగువన కురుస్తూ ఉండవచ్చు. అక్కడ కొండ మీద మన ఊరి కుర్రవాడు ఎవడో కాపలా కాస్తూ ఉంటాడు. మా విద్యార్థికి ఈ ప్రసంగం వినపడే వీలు లేదు. వాళ్లమ్మ మాత్రం వింటానని మాట ఇచ్చింది. వచ్చే సెలవుకు అతను వచ్చినప్పుడు తానే చెబుతుందేమో!